తోరూ దత్తు: గృహవిద్యయు పరభాషలును

పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున కలకత్తా నగరమందలి సంపన్నగృహములలో బాలుర చదువునకును బాలికల చదువునకును మార్గములు వేరుగా నుండెను. బాలురు హిందూ కళాశాలకు పోయి షేక్‌స్పియరును, మిల్టనును చదివి ఉద్యోగములలో ప్రవేశించుచుండిరి. బాలికలకు గడప దాటుట లేదు. 1849లో బెథూన్ దొర బాలికలకై పాఠశాలను స్థాపించెను. విద్యాసాగరుడు దానికి కార్యదర్శియై తోడ్పడెను. ఐనను పెద్ద కుటుంబములవారు పెక్కుమంది తమ కుమార్తెలను బండి యెక్కించి అచ్చటికి పంపుటకు సంకోచించిరి. అందుచేత చదువే యింటికి రావలసి వచ్చెను. కొందరి యిండ్లకు పండితుడు వచ్చెడివాడు. కొందరి యిండ్లకు క్రైస్తవసంఘముల స్త్రీలు వచ్చి కుట్టుపనితోపాటు ఆంగ్లాక్షరములు నేర్పెడివారు. మరికొన్ని చోట్ల అన్నదమ్ముల ఉపాధ్యాయుడే అక్కచెల్లెండ్రకును పాఠము చెప్పెడివాడు. ఈ చదువునకు పరీక్ష లేదు, పట్టము లేదు, దానివలన గడింపదగిన వృత్తియు లేదు. పియానోవలె, అల్లికపనివలె పరభాషయు ఇంటికొక శోభగా నుండెను. అదే వంగదేశమున రాససుందరీదేవి యను గృహిణి చైతన్యభాగవతపు పత్రమొకటి దాచుకొని, వంటయింటిలో ఎవరును చూడకుండ మాతృభాషలోని అక్షరములను గుర్తించుట నేర్చుకొన్నదన్న సంగతి జ్ఞాపకముంచుకొన్నచో, ఈ శోభ ఎంత కొలదిమందికి లభించెనో తెలియగలదు.

ఇట్టి గృహవిద్య పొందినవారిలో పరభాషను అలంకారముగా గాక నిత్యవ్యవసాయముగా చేసికొన్నవారు అరుదు. తోరూ దత్తు అట్టి అరుదైన వ్యక్తి. ఇరువదియొక్క సంవత్సరముల ఆరు మాసములకు మించని జీవితములో ఆమె ఆంగ్లమున కావ్యఖండములను, ఫ్రెంచి భాషలో నవలను వ్రాసెను. సాహిత్యచరిత్రకారులు ఆమెను ప్రకృతి సృజించిన అద్భుతముగా వర్ణించుట పరిపాటి. అకాలమరణము ఆ వర్ణనకు బలము చేకూర్చినది. కాని ఆమె చదువు జరిగిన తీరు పరిశీలించినచో అద్భుతమునకు మారుగా ఒక ఇల్లు కనబడును. ఆ ఇంటిలో ఒకవైపు తండ్రి, ఆయన గ్రంథములు, నిఘంటువులు. మరొకవైపు పురాణకథలు చెప్పు తల్లి. తోరూ రచనలన్నియు ఈ రెండు వైపుల నుండియే వచ్చినవి.

ఆమె 1856 మార్చి 4వ తేదీన కలకత్తాలోని రాంబాగానులో జన్మించెను. రాంబాగాను దత్తుల వంశము విద్యకును సంపదకును పేరొందినది. తాతయగు రసమయ దత్తు హిందూ కళాశాల నిర్వాహకులలో నొకడు, సంస్కృత కళాశాలకు కార్యదర్శి, న్యాయాధికారి. తండ్రి గోవిందచంద్ర దత్తు హిందూ కళాశాలలో కెప్టెన్ రిచర్డ్‌సన్ వద్ద ఆంగ్లసాహిత్యము నభ్యసించినవాడు. ఆయనయు, ఆయన సోదరులును ఆంగ్లమున పద్యములల్లుట దినచర్యలో భాగముగా పెట్టుకొన్నవారు. 1870లో లండనులో అచ్చయిన దత్తు కుటుంబపు కవితాసంపుటి వారిదే. భారత ఆర్థికచరిత్రకారుడుగా ప్రసిద్ధుడైన రమేశచంద్ర దత్తు వీరి జ్ఞాతి. ఇన్ని పుస్తకముల నడుమ పుట్టిన బాలికకు ఆంగ్లము పరాయిదిగా తోచకపోవుటలో వింత లేదు.

గోవిందచంద్రునకు ముగ్గురు సంతానము: 1851లో పుట్టిన అబ్జు, 1854లో పుట్టిన ఆరూ, కడగొట్టుది తోరూ. 1862లో ఈ కుటుంబము క్రైస్తవమతమును స్వీకరించెను. తల్లి క్షేత్రమణి మొదట ఇందులకు సమ్మతింపలేదు. పిమ్మట భర్త మార్గమున నడచి, ఒక ఆంగ్ల మతగ్రంథమును వంగభాషలోనికి అనువదించెను. మతము మారినవారిని హిందూసంఘము దూరముగా నుంచినది. పాలకజాతివారు దగ్గరకు రానిచ్చినను తమతో సమముగా చూడలేదు. పిల్లల చదువుపై ఈ స్థితి ప్రభావము చాల గలదు. బంధువుల రాకపోకలు, వ్రతములు, పేరంటములు తగ్గిన ఇంటిలో పుస్తకమే చుట్టమయ్యెను. 1863లో తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబము బొంబాయికి పోయి ఒక యేడు గడపినది. 1865లో పదునాలుగేండ్ల అబ్జు మరణించెను. మరుసటి సంవత్సరము గోవిందచంద్రుడు ఉద్యోగము మానుకొనెను. అటుపై ఆయనకు కుమార్తెల చదువే ప్రధానకార్యమైనది.

ఆ చదువు ఎట్లు సాగెను? శివచంద్ర బెనర్జీ యను భక్తిపరుడైన ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చి ఆంగ్లము బోధించెడివాడు. సంగీతమునకు వేరుగా ఒక ఐరోపా స్త్రీ వచ్చెడిది. శివచంద్రుని బోధనలో వాచకములకంటె కావ్యములకే ప్రాధాన్యము. మిల్టను రచించిన స్వర్గచ్యుతికావ్యమును అక్కచెల్లెండ్రు పలుమార్లు చదువగా, మొదటి సర్గ యంతయు, రెండవ సర్గలో కొంత భాగమును కంఠస్థమయ్యెను. మన పాఠశాలలలో అమరము వల్లించినట్లే ఇదియు జరిగినదని చెప్పవచ్చును: అర్థము తరువాత, ధారణ ముందు. నూతనభాషను పురాతనపద్ధతిని నేర్పిన ఈ ఉపాధ్యాయుని పేరు తోరూ చరిత్రలో ఒక వాక్యముతో ముగియుట న్యాయము కాదు. పదేండ్ల బాలికకు దీర్ఘవాక్యముల నడకను చెవికెక్కించినవాడు ఆయనయే.

పరభాష ఇంటిలో ప్రవేశించు తీరులు అన్నిచోట్ల ఇంత మృదువుగా నుండలేదు. హైదరాబాదులో అఘోరనాథ చట్టోపాధ్యాయుని గృహమున పెరిగిన సరోజినీదేవి బాల్యమున ఆంగ్లము మాటలాడుటకు మొరాయించగా, తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రి ఆమెను ఒక దినమంతయు గదిలో నొంటరిగా నుంచెను. ఆమె ఆంగ్లము మాటలాడుచు వెలుపలికి వచ్చినది. తల్లితో మాత్రము హిందూస్తానీలోనే మాటలాడుచుండెను. ఆ వృత్తాంతమును తానే పిమ్మట చెప్పుకొన్నది. దత్తుల ఇంటిలో గది తలుపు మూయవలసిన పని కలుగలేదు. ఇల్లంతయు అప్పటికే ఆ గదివంటిదై యుండుట అందులకు కారణము కావచ్చును.

1869లో గోవిందచంద్రుడు భార్యాపుత్రికలతో ఐరోపాకు బయలుదేరెను. వంగస్త్రీలు సముద్రము దాటుట అప్పటికి మిక్కిలి అపూర్వము. ఫ్రాన్సు దక్షిణతీరమందలి నీస్ నగరములో అక్కచెల్లెండ్రు ఒక వసతిపాఠశాలలో కొన్ని మాసములు ఫ్రెంచి చదివిరి. తోరూ జీవితములో పాఠశాల ముఖము చూచినది ఆ కొన్ని మాసములే. కాని ఆ భాష ఆమెను ఎంతగా ఆకర్షించెననగా, పిమ్మట ఎన్నడును ఫ్రాన్సులో స్థిరముగా నివసింపకున్నను హృదయమున ఆ దేశమునకే ఆమె మొదటి స్థానమిచ్చినది. 1870లో వారు లండను చేరి ఆన్‌స్లో స్క్వేర్ ప్రాంతమున కాపురముండిరి. ఆ యేడే ఫ్రాన్సు ప్రష్యా చేతిలో పరాజయము పొందెను. పదునాలుగేండ్ల తోరూ ఆ వార్తలను తన దేశమునకు కలిగిన కష్టమువలె భావించి పరితపించినది. ఆ యుద్ధమును గూర్చి ఆమె వ్రాసిన పద్యము తరువాతి సంపుటిలో కలదు. రెండు సామ్రాజ్యముల కలహములో ఒకదాని పక్షము వహించి కంటనీరు పెట్టుకొన్న ఈ బాలిక, తాను మూడవ సామ్రాజ్యమునకు లోబడిన దేశము నుండి వచ్చినదన్న సంగతి అప్పటికి తలచినట్లు కనబడదు.

లండనులోను ఇంటి చదువే కొనసాగెను. ఫ్రెంచి బోధకుడు వచ్చెడివాడు. పియానో పాఠములు జరుగుచుండెను. 1871లో కుటుంబము కేంబ్రిడ్జికి మారినది. స్త్రీలకై ప్రత్యేకముగా నేర్పరచిన ఉన్నతోపన్యాసములు అచ్చట అప్పుడప్పుడే ఆరంభమైనవి. ఆరూ, తోరూ వానికి హాజరగుచుండిరి. వినుటకు అనుమతి కలదు. పట్టము మాత్రము లేదు. కేంబ్రిడ్జిలో స్త్రీలకు పూర్తి పట్టమును పొందు హక్కు 1948లో గాని లభింపలేదు. ఆ యుపన్యాసములకంటె తోరూకు ఎక్కువ ఫలమిచ్చినది మేరీ మార్టిన్ అను ఆంగ్లబాలికతో కుదిరిన స్నేహము. పుస్తకములలో నేర్చిన భాషను సమవయస్కురాలితో నవ్వుచు, తగవులాడుచు వాడుకొనుటకు ఆమెకు దొరికిన మొదటి అవకాశమది.

1873 సెప్టెంబరులో వారు కలకత్తాకు మరలి వచ్చిరి. ఆరూ అప్పటికే క్షయరోగముచే క్షీణించుచుండెను. 1874 జూలై 23వ తేదీన మరణించెను. చిత్రలేఖనమున ఆమెకు మంచి నేర్పు గలదు. తోరూ నవల వ్రాయుటయు, దానికి ఆరూ చిత్రములు కూర్చుటయు అక్కచెల్లెండ్ర సంకల్పము. ఆ చిత్రములలో ఒక్కటియు పూర్తి కాలేదు.

అటుపై మిగిలిన మూడేండ్లలో తోరూ దినచర్యను తెలిసికొనుటకు మేరీ మార్టిన్‌కు ఆమె వ్రాసిన లేఖలే ముఖ్యాధారము. 1921లో హరిహర దాసు ఆమె జీవితచరిత్రలో వీనిని ప్రచురించెను. నగరమందలి ఇల్లు, బాగ్‌మారీలోని తోటయిల్లు, పెంపుడు పిల్లులు, బండికి కట్టు రెండు గుర్రములు, దగ్గు, జ్వరము, తండ్రితో చదివిన పుస్తకములు: ఈ లేఖల ప్రపంచమంతయు ఇంతే. కేంబ్రిడ్జిలో స్వేచ్ఛగా నడచిన వీధులను ఆమె మరి మరి తలచుకొనును. కలకత్తాలో వెలుపలికి పోవుటకు చోటు లేదు, మాటలాడుటకు తోడు లేదు. ఇంగ్లండునకు మరల పోయి స్థిరపడుదుమన్న ఆశను తండ్రియు కొంతకాలము పోషించినను అది నెరవేరలేదు. రెండు పరభాషలను ఇంత శ్రమించి నేర్చిన యువతికి ఆ భాషలలో మాటలాడుటకు తన నగరములో తండ్రి యొక్కడే మిగిలెను.

ఈ లేఖలలో ఒక చిన్న ఘట్టము పరభాషాభ్యాసమును గూర్చి పెక్కు సిద్ధాంతగ్రంథములకంటె ఎక్కువ తెలుపును. తోరూ తన దేశీయులను ప్రస్తావించునపుడు పాలకులు వాడు నేటివులన్న మాటనే అలవాటుగా వాడుచుండెను. ఆ మాటను తప్పుపట్టినది ఆంగ్లవనితయగు మేరీయే. తోరూ వెంటనే తన తప్పు నంగీకరించి దిద్దుకొన్నది. భాషతోపాటు ఆ భాషవారి చూపును ఇంటిలో ప్రవేశించినదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? ఐనను ఆమె ఆ చూపులోనే నిలిచిపోలేదు. 1876 నాటి లేఖలలో, భారతీయుల మరణమునకు కారకులైన ఐరోపీయులు స్వల్పశిక్షలతో తప్పించుకొన్న వ్యవహారములను ఆమె తీవ్రమైన రోషముతో ప్రస్తావించినది. ఆ రోషము ప్రకటించుటకును ఆమెకు చేతనైనది ఆంగ్లమే.

తండ్రీకూతుళ్ల పఠనము సాగిన విధమును గోవిందచంద్రుడు తోరూ మరణానంతరము వ్రాసిన స్మృతిలో వివరించెను. అర్థము తెలియని మాట ఎదురైనచో తోరూ దానిని దాటి పోయెడిది కాదు. నిఘంటువు లన్నియు వెదకి అర్థము నిర్ధారించుకొనిన పిమ్మటనే ముందునకు సాగెడిది. ఏ పదము విషయముననైన తండ్రికిని కూతునకును భేదము వచ్చినచో పందెము వేసికొనెడివారు. పందెము సాధారణముగా ఒక రూపాయి. నిఘంటువు తెరచి చూడగా గెలుపు దాదాపు ఎల్లప్పుడును కూతునిదే. పండితుడైన తండ్రి ఈ ఓటములను సంతోషముతో లెక్కపెట్టుకొన్నట్లు తోచును. ఇంటిచదువులోని ఉత్తమాంశము ఇదియే యనవచ్చును. గురువును జయించుట శిష్యురాలికి నిషిద్ధము కాని చదువది. ఆనాటి కళాశాలలలో చదివిన బాలురకు సైతము ఇట్టి చనువు దుర్లభము.

ఈ పఠనఫలముగా 1876లో ఒక అనువాదసంపుటి వెలువడెను. సుమారు డెబ్బదిమంది ఫ్రెంచి కవుల పద్యములకు నూట అరువదికి పైబడిన ఆంగ్లానువాదము లందు కలవు. వానిలో ఎనిమిది ఆరూ చేసినవి. ఆ గ్రంథనామమునకు ఫ్రెంచి పొలములలో ఏరిన పరిగెల కట్ట యని అర్థము. కోత ముగిసిన పొలములో రాలిన వెన్నులను ఏరుకొనుట మన పల్లెలలో పేదరాండ్ర పని. సిరిసంపదలలో పెరిగిన యువతి తన పనికి ఆ పేరు పెట్టుట కేవలము వినయము కాదు. చేను మరియొకరిదని, విత్తినవారు మరియొకరని ఆమె ఎరుగును. భవానీపురములోని సాప్తాహిక సంవాద ముద్రణాలయములో అది నాసిరకపు కాగితముపై, పీఠిక లేకుండ అచ్చయినది. గ్రంథాంతమున చేర్చిన వివరణలు మాత్రము ఆమె పాండిత్యమునకు సాక్ష్యము. అంతకు రెండేండ్ల ముందే లెకొంత్ ద లీల్, సూలారి అను కవులపై ఆమె వ్యాసములు బెంగాల్ మాగజీనులో ప్రకటింపబడియుండెను.

ఈ అనువాదము లన్నియు సమానముగా లేవు. కొన్నిచోట్ల మూలకవి గొంతు స్పష్టముగా వినబడును. కొన్నిచోట్ల ఆంగ్లఛందస్సు తడబడును. కంటితో నేర్చిన భాషకును చెవితో నేర్చిన భాషకును గల భేదము అట్టి పాదములలో బయటపడును. లండనులో ఈ పుస్తకము ఎడ్మండ్ గాస్ అను విమర్శకుని చేత బడినపుడు, దాని రూపము చూచి ఆయన మొదట చులకనగా తలచెను. చదివిన పిమ్మట ఆశ్చర్యపడి ప్రశంసించెను. ఫ్రాన్సులో ఆంద్రే తూరియే ప్రసిద్ధపత్రికలో సమీక్ష వ్రాసెను. ఈ గాస్ మహాశయుడే ఇరువదియేండ్ల తరువాత లండను వచ్చిన సరోజినీదేవికి, ఆంగ్లకవుల అనుకరణము మాని స్వదేశవిషయములను వ్రాయవలసినదని హితవు చెప్పినవాడు. తోరూకు అట్టి హితవు ఎవరును చెప్పలేదు. ఆమె ఆ దారిని స్వయముగనే పట్టినది.

1875 చివర తోరూ తండ్రితో కలసి సంస్కృతము ప్రారంభించినది. ఇంటికి వచ్చు పండితుడు వారికి బోధకుడు. రామాయణభారతములను మూలములో చదువవలెనని ఆమె కోరిక. ఆరోగ్యము చెడుటచే ఏడాది నిండకుండనే చదువు నిలిచిపోయినది. ఐనను ఆ కొద్దికాలములోనే విష్ణుపురాణము నుండి ధ్రువుని కథను, జడభరతుని లేడికథను ఆంగ్లములోనికి తెచ్చినది. తెలుగు బాలికలు పోతన పద్యములతో ఇంటిపెద్దల ఒడిలో నేర్చుకొన్న ధ్రువ ప్రహ్లాద చరిత్రలను ఈమె మిల్టను తరువాత, హ్యూగో తరువాత, పందొమ్మిదేండ్లు దాటిన పిమ్మట మూలభాషలో వెదకుకొనవలసి వచ్చెను. కథలు మాత్రము ఆమెకు క్రొత్తవి కావు.

ప్రాచీన భారతస్త్రీలను గూర్చి ఫ్రెంచిలో గ్రంథము రచించిన క్లారిస్ బాదేర్‌కు 1877లో తోరూ లేఖ వ్రాసి, ఆ గ్రంథమును ఆంగ్లములోనికి అనువదించుటకు అనుమతి కోరెను. అనుమతి ఆదరముతో లభించెను. అనువాదము చేయుటకు ఆయువు చాలలేదు. అన్నను, అక్కను తీసికొనిపోయిన మృత్యువు 1877 ఆగస్టు 30వ తేదీన తోరూనుగూడ తీసికొనిపోయెను.

ఆమె పోయిన పిదప తండ్రి ఆమె కాగితములను పరిశీలింపగా ఫ్రెంచి నవల యొకటి పూర్తిగను, ఆంగ్లనవల యొకటి అసంపూర్ణముగను కనబడెను. ఆంగ్లనవలయగు బియాంకా 1878లో బెంగాల్ మాగజీనులో వెలువడెను. ఫ్రెంచి నవల 1879లో పారిసులో క్లారిస్ బాదేర్ పీఠికతో అచ్చయినది. భారతీయులు ఫ్రెంచిలో వ్రాసిన నవలలలో ఇది మొదటిది. మార్గరీత్ అను కన్య దినచర్యగా సాగు ఈ కథలో ఇద్దరు సోదరులు ఒక పరిచారికను ప్రేమించుటయు, హత్యయు, ఉన్మాదమును కలవు. చివరకు మార్గరీత్ వివాహమాడి, బిడ్డను కని మరణించును. కథాస్థానము ఫ్రాన్సు. భారతీయపాత్ర ఒక్కటియు లేదు. ఇంటి నాలుగు గోడల నడుమనుండి చూచిన ఫ్రాన్సు గనుక అందలి సంభవములు నవలలనుండి వచ్చిన సంభవములే. కాని రోగశయ్యపై నున్న కన్య మనస్సు, తల్లిదండ్రుల యెడ ఆమె అనురాగము పుస్తకములనుండి వచ్చినవి కావు.

1882లో లండనులో గాస్ పీఠికతో వెలువడిన ప్రాచీనహిందూగాథల సంపుటి ఆమె కీర్తికి ముఖ్యాధారము. సావిత్రి, ధ్రువుడు, ప్రహ్లాదుడు, ఏకలవ్యుడు, దశరథుని బాణమునకు బలియైన మునికుమారుడు, వంగగ్రామములలో చెప్పుకొను జోగాద్యా ఉమ కథ ఇందు కలవు. వీనిలో పెక్కింటిని ఆమె పండితునివద్ద కాక చిన్ననాట తల్లివద్దనే వినియుండెను. క్షేత్రమణి మతము మారినను ఆ కథలను విడువలేదు. తండ్రి ఇచ్చిన భాషలో తల్లి ఇచ్చిన కథ ఇక్కడ మొదటిసారి ఇమిడినది. తోరూ ప్రచురించిన రచన లన్నియు ఆంగ్లమునను, ఫ్రెంచిలోను ఉన్నవి. తల్లి కథ చెప్పిన వంగభాషలో ఒక్కటియు లేదు.

ఆ సంపుటిలో సీత పేరుతో చిన్న పద్యము కలదు. చీకటి గదిలో ముగ్గురు పిల్లలు తల్లిచెంత కూర్చుండి యున్నారు. తల్లి సీత వనవాసమును గానము చేయుచున్నది. పిల్లల కన్నులకు దట్టమైన అడవియు, అందొంటరిగా రోదించు సీతయు కట్టెదుట కనబడగా వారు విలపించుచున్నారు. ఆ ముగ్గురును మరల తల్లిచెంత చేరుట యెన్నడో యన్న ప్రశ్నతో పద్యము ముగియును. అది అచ్చగునాటికి ముగ్గురిలో ఒక్కరును జీవించి లేరు. రెండేండ్లకు, 1884లో, గోవిందచంద్రుడును మరణించెను. రాంబాగాను ఇంటిలో క్షేత్రమణి యొక్కతెయే మిగిలెను.